పాలీక్లినిక్ పని ఒక్క రాకలోనే అయ్యేలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల మాజీ సైనికులకు

చేతిలో ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటుంది. తెల్లవారుజామునే బస్సెక్కి ఆ పథకం పాలీక్లినిక్‌కి వస్తారు. మధ్యాహ్నానికి "రేపు రండి" అనిపించుకుని వెనక్కి వెళతారు. "మిలటరీలో ఇన్నేళ్లు చేసొచ్చాం, బీపీ మాత్రలకు కూడా ఇంత తిరగాలా?" అని ఉదయగిరి, కావలి, కనిగిరి, గిద్దలూరు వైపు నుంచి ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఫోన్లో ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసి పెడితే మేలనిపించింది.

నేను చూసినంతలో, మనవాళ్లకు ఆలస్యం జరిగేది డాక్టరు గదిలో కాదు, కౌంటర్ దగ్గర. పేరు కలవదు, ఫోన్ నంబరు పాతది, పాత రిపోర్టు ఇంట్లో ఉండిపోయింది, రిఫరల్ (పెద్దాసుపత్రికి పంపే చీటీ) గడువు దాటింది. వీటన్నిటినీ ఇంటి దగ్గరే సరిచేసుకోవచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది. ప్రతి చిన్న జబ్బుకూ పాలీక్లినిక్ దాకా రావాల్సిన పని లేదు. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. గిద్దలూరు నుంచి ఒంగోలు ఇంకా దూరం. జ్వరానికీ, నెలనెలా బీపీ చూపించుకోవడానికీ అంత దూరం ప్రయాణం చేస్తే ఒళ్లు హూనమవడం తప్ప లాభం లేదు.

ఇది ముఖ్యంగా పింఛను తీసుకుంటున్న మాజీ సైనికులకు, ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్న అమ్మలకు రాసింది. పింఛను లేకుండా బయటికి వచ్చినవాళ్లు నేరుగా చివర్లో ఉన్న "పింఛను లేకుండా వచ్చినవాళ్లకు" అన్న భాగానికి వెళ్లండి.

ముందు రెండు ముక్కలు

ఈసీహెచ్‌ఎస్ పథకం 2003 ఏప్రిల్ 1 నుంచి నడుస్తోంది. ఆ తేదీ తర్వాత పింఛనుతో రిటైరైనవాళ్లకు సభ్యత్వం తప్పనిసరి, డబ్బు అప్పుడే కోసుకుంటారు. అంతకుముందు రిటైరైనవాళ్లు ఇష్టమైతే చేరవచ్చు. ఒక్కసారి కడితే చాలు: హవల్దారు వరకు 30,000 రూపాయలు, నాయబ్ సుబేదారు నుంచి సుబేదార్ మేజర్ వరకు 67,000, ఆఫీసర్లకు 1,20,000. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవాళ్లు, యుద్ధంలో భర్తను కోల్పోయినవాళ్లు ఈ చందా కట్టనక్కర్లేదు. ఈ మినహాయింపు ఉందని తెలియక ఇప్పటికీ చేరని పెద్దవాళ్లు పల్లెల్లో ఉన్నారు. మీ ఊళ్లో అలాంటివాళ్లుంటే చెప్పండి.

చేరని పాత పింఛనుదారుల్లో కొందరికి నెలకు 1,000 రూపాయల మెడికల్ అలవెన్స్ పింఛనుతో పాటు వస్తుంది. ఈసీహెచ్‌ఎస్‌లో చేరితే అది ఆగిపోతుంది. "వెయ్యి రూపాయలు పోతాయి" అని చేరకుండా ఉన్నవాళ్లను చూశాను. ఒక్కసారి స్టెంట్ పడితే ఆ వెయ్యి ఏ మూలకు వస్తుందో లెక్క వేసుకోండి.

సిద్ధంగా ఉంచుకోవాల్సినవి

ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ కొని ఇవన్నీ అందులో పెట్టండి. ఇనప్పెట్టెలో బట్టల అడుగున కాదు, చేతికందే చోట ఉంచండి.

- మీ 64 కేబీ స్మార్ట్ కార్డు, ఇంట్లో ఒక్కొక్కరి కార్డు విడివిడిగా. పాత 16 కేబీ, 32 కేబీ కార్డులు ఇప్పుడు పనిచేయవు.
- కొత్త కార్డుకు అప్లై చేసి ఎదురుచూస్తుంటే, ఆ తాత్కాలిక స్లిప్పు ప్రింటు.
- పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు) కాపీ, డిశ్చార్జ్ బుక్ కాపీ. స్పర్శ్ అనే ఆన్‌లైన్ పింఛను విధానంలోకి మారినవాళ్లు కొత్త పీపీఓ కూడా.
- అందరి ఆధార్ కాపీలు.
- ఇప్పుడు వాడుతున్న మాత్రల జాబితా, కంపెనీ పేరుతో కాకుండా మందు పేరుతో.
- పాత రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీలు తేదీల వరుసలో, కొత్తది పైన ఉండేలా.
- పింఛను పడే ఖాతాది ఒక క్యాన్సిల్ చేసిన చెక్కు. క్లెయిమ్ వేసే రోజున దాని కోసం వెతుక్కోవడం ఎందుకు?

1. పేర్లు, పుట్టిన తేదీలు కలుస్తున్నాయో చూడండి

అన్నిటికంటే ఎక్కువ టైం తినేది ఇదే, అందుకే ముందు పెట్టాను. డిశ్చార్జ్ బుక్‌లో భార్య పేరు "సుబ్బమ్మ", ఆధార్‌లో "సుబ్బలక్ష్మి". పుట్టిన సంవత్సరం ఒకచోట ఒకటి, ఇంకోచోట ఒకటి. పెళ్లప్పుడు యూనిట్‌లో క్లర్కు హిందీలో విని రాసుకున్న పేరు ముప్పై ఏళ్ల తర్వాత కార్డు దగ్గర అడ్డం తిరుగుతుంది. ఇంటి పేరు ముందా వెనకా అన్నది మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉండే తంటా.

మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి: పీపీఓ, డిశ్చార్జ్ బుక్, ఆధార్. ఒక్కొక్కరి పేరు అక్షరం అక్షరం చదవండి. తేడా ఆధార్‌లోనే ఉంటే ఆధార్ సెంటర్లో సరిచేయించడం తేలిక. తేడా సర్వీసు రికార్డులో ఉంటే మీ రికార్డ్ ఆఫీసుకు రాయాలి, దానికి కొంత కాలం పడుతుంది. నెల్లూరు వాళ్లు నెల్లూరులోని, ప్రకాశం వాళ్లు ఒంగోలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళితే ఏ అఫిడవిట్ కావాలో, ఏ ఫారం నింపాలో చెప్పి పంపిస్తారు. భార్య పేరో పిల్లల పేర్లో అసలు రికార్డులోనే లేకపోతే, పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో కుటుంబ వివరాలు ఎక్కించే ఉత్తర్వు) సంగతి కూడా అక్కడే అడగండి.

జబ్బు చేశాక ఈ పని మొదలుపెట్టకండి. ఒంట్లో బాగున్నప్పుడే చేసుకోవాల్సిన పని ఇది.

ఎలా సరిచూసుకోవాలి: సవరణ అయ్యాక "అయింది" అన్న మాట నమ్మి ఊరుకోవద్దు. పాలీక్లినిక్ కౌంటర్లో కార్డు పెట్టించి, తెరమీద మీ పేరు, భార్య పేరు, ఫోటో, ఫోన్ నంబరు నాలుగూ మీ కళ్లతో చూడండి.

2. ఫోన్ నంబరు మీదే ఉండాలి

కార్డు అప్లై చేసినప్పుడు ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు తన నంబరు ఇచ్చేసి ఉంటాడు, లేదా బెంగళూరులో ఉన్న కొడుకు నంబరు ఉంటుంది. ఓటీపీ ఆ ఫోనుకు పోతుంది, మీరు ఇక్కడ నిలబడి ఉంటారు. కొడుకు మీటింగ్‌లో ఉంటాడు. మీ చేతిలో ఉండే ఫోను నంబరే నమోదు చేయించండి. రీచార్జ్ లేక ఆ సిమ్ మూతపడకుండా కూడా చూసుకోండి.

3. ఆధారపడినవాళ్ల లెక్క తాజాగా ఉంచండి

కొడుకుకు 25 ఏళ్లు నిండినా, పెళ్లయినా, ఉద్యోగం వచ్చినా కార్డు చెల్లదు. కూతురికి పెళ్లయ్యేవరకు, లేదా సంపాదన మొదలయ్యేవరకు ఉంటుంది. శాశ్వత వైకల్యం ఉన్న పిల్లలకు వయసు పరిమితి లేదు, సర్టిఫికెట్ కావాలి. తల్లిదండ్రులకు కార్డు కావాలంటే వాళ్ల ఆదాయం నెలకు 9,000 రూపాయలు, దానిపై డీఏ కలిపిన పరిమితి దాటకూడదు.

ఆధారపడినవాళ్ల అర్హతను ఏటా ఆన్‌లైన్‌లో ధృవీకరించుకోవాలి. అది చేయకపోతే అవసరమైన రోజున కార్డు బ్లాకై కనిపిస్తుంది. పెళ్లయిన కూతురి కార్డు "పోనీలే, పనికొస్తుంది" అని వాడించొద్దు. పట్టుబడితే మీ సభ్యత్వానికే ఎసరు.

4. ఏ జబ్బుకు ఎక్కడికి వెళ్లాలో ముందే తేల్చుకోండి

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. మనవాళ్లలో చాలామంది తలుపు ఒకటే ఉందనుకుంటారు. నిజానికి నాలుగున్నాయి.

*మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం.* జ్వరం, విరేచనాలు, చిన్న గాయం, కట్టు మార్పించడం, బీపీ, షుగర్ చూపించడం, టెటనస్ ఇంజెక్షన్ లాంటివి ఇక్కడే. మీరు మాజీ సైనికులైనంత మాత్రాన పీహెచ్‌సీ మీకు లేకుండా పోదు. 104 వాహనం మీ ఊరికి వచ్చే రోజు ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోండి. బీపీ, షుగర్ మాత్రలు అక్కడా ఇస్తారు. పాలీక్లినిక్‌లో ఏదైనా కారణంగా ఒక నెల మందు అందకపోతే, మాత్రలు మానేయకుండా ఈ దారి పట్టండి.

*సెహత్ ఓపీడీ.* 2021 మే 27న రక్షణ శాఖ మొదలుపెట్టిన వీడియో వైద్యం ఇది. సర్వీసులో ఉన్నవాళ్లకు, రిటైరైనవాళ్లకు, కుటుంబాలకు సైనిక డాక్టర్లు ఫోన్లోనే చూస్తారు. దీన్ని ఎలా వాడుకోవాలో ఐదో మెట్టులో రాశాను.

*పాలీక్లినిక్.* నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి ఉన్నాయి. దీర్ఘకాలిక జబ్బుల మందులు, రక్త పరీక్షలు, పంటి వైద్యం, పెద్దాసుపత్రికి రిఫరల్ కోసం ఇక్కడికి రావాలి. ప్రయాణంలో ఉన్నప్పుడు, కొడుకు దగ్గర హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్నప్పుడు, అక్కడి పాలీక్లినిక్‌కి కూడా కార్డు పట్టుకుని వెళ్లవచ్చు.

*ఎంప్యానెల్ అయిన (పథకంతో ఒప్పందం ఉన్న) ప్రైవేటు ఆసుపత్రి.* రిఫరల్‌తో వెళ్లాలి. ప్రాణం మీదికి వస్తే రిఫరల్ లేకుండానే వెళ్లాలి. అది ఎనిమిదో మెట్టు.

పాలీక్లినిక్ రాత్రిపూట ఉండదు, ఆదివారం ఉండదు, సెలవు రోజు ఉండదు. అది ఎమర్జెన్సీ ఆసుపత్రి కాదు. శనివారం సాయంత్రం గుండెనొప్పి మొదలైతే "సోమవారం పాలీక్లినిక్‌లో చూపిద్దాం" అని ఆగడం కంటే ప్రమాదం మరొకటి లేదు.

5. ఇంట్లోంచే డాక్టరును చూడాలంటే

సెహత్ ఓపీడీ సైటులో గానీ యాప్‌లో గానీ ఫోన్ నంబరుతో నమోదు కండి. ఓటీపీ వస్తుంది. పేషెంటు వివరాలు నింపి, పాత రిపోర్టుల ఫోటోలు ఎక్కించండి. టోకెన్ వస్తుంది. లాగిన్ అయి వేచి ఉంటే మీ వంతులో వీడియో కాల్ కలుస్తుంది. చివర మందుల చీటీ ఫోన్లోనే దిగుతుంది, ప్రింటు తీసుకోండి.

కాల్‌కు ముందు చేయాల్సినవి:

- బీపీ మిషన్ ఇంట్లో ఉంటే గత నాలుగైదు రోజుల లెక్కలు కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి.
- వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోండి. కిటికీ వెనక ఉంటే డాక్టరుకు మీరు నల్లగా కనిపిస్తారు.
- సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో మేడమీదికి ఎక్కండి. నల్లమల పక్క ఊళ్లవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, ఎప్పుడూ చేసేదే.

అవతల డాక్టరు ఎక్కువగా హిందీలోనో ఇంగ్లిష్‌లోనో మాట్లాడతారు. మీకు సర్వీసు పుణ్యమా అని హిందీ బాగానే వచ్చు, ఇంట్లో ఆమెకు రాకపోవచ్చు. పక్కన కూర్చోండి, కానీ ఆమె చెప్పింది పూర్తిగా విని అప్పుడు చెప్పండి. "ఏం లేదు డాక్టర్ సాబ్, మోకాళ్ల నొప్పులు" అని మీరే తేల్చేస్తే, ఆమెకు మెట్లెక్కితే ఆయాసం వస్తోందన్న మాట బయటికి రాదు.

ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, స్పృహ తప్పడం లాంటివాటికి వీడియో కాల్ పనికిరాదు. 108కి ఫోన్ చేయండి.

6. పాలీక్లినిక్‌కి వెళ్లే రోజు

బయలుదేరే ముందు రోజు ఫోన్ చేసి రెండే అడగండి: నాకు కావాల్సిన డాక్టరు రేపు ఉన్నారా? నా మందులు స్టాకులో ఉన్నాయా? స్పెషలిస్టు డాక్టరు, పంటి డాక్టరు సెలవులో ఉండే రోజులుంటాయి. ఆ ఒక్క ఫోన్ మీకు ఒక రోజు మిగులుస్తుంది.

సోమవారం, పండగ మర్నాడు, నెల మొదటి వారం రద్దీ ఎక్కువ. వారం మధ్యలో, నెల మధ్యలో రండి. మిలటరీ క్యాంటీన్ పని, పాలీక్లినిక్ పని ఒకే రోజు పెట్టుకుంటే ముందు దేనికి వెళతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. క్యాంటీన్ ముగించుకుని పన్నెండు గంటలకు వచ్చి "టోకెన్లు అయిపోయాయంట" అంటే ఎవరేం చేస్తారు? ముందు డాక్టరు, తర్వాతే క్యాంటీన్.

పరగడుపు పరీక్షల విషయంలో ఒక హెచ్చరిక. షుగర్ ఉన్నవాళ్లు మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా, మూడు గంటలు బస్సులో వచ్చి, లైనులో నిలబడి కళ్లు తిరిగి పడిపోతారు. ఫాస్టింగ్ షుగర్ మీ ఊరి దగ్గరే చేయించి ఆ రిపోర్టు పట్టుకురండి. లేదా హెచ్‌బీఏ1సీ పరీక్ష రాయమని అడగండి, దానికి పరగడుపున ఉండక్కర్లేదు, మూడు నెలల లెక్క ఒకేసారి తెలుస్తుంది. ఎలా వచ్చినా జేబులో నాలుగు బిస్కెట్లో, చాక్లెట్లో ఉంచుకోండి.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అసలు బాధ మొదట చెప్పండి. మనవాళ్లకు ఒక అలవాటుంది. ముందు దగ్గు, తర్వాత నడుము, లేచి తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి "సార్, రాత్రిళ్లు ఛాతీలో పట్టేసినట్టుంటోంది" అంటారు. ఆ మాటే మొదటిది కావాలి. ఒంటేలు ఆగి ఆగి రావడం, మలంలో రక్తం, నిద్ర పట్టకపోవడం, పాత సంగతులు కలలో వచ్చి ఉలిక్కిపడి లేవడం కూడా జబ్బులే. చెప్పడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నడుం నొప్పికి, మోకాళ్లకు మెడికల్ షాపులో కొనుక్కుని వేసుకునే నొప్పి మాత్రలు కూడా జాబితాలో రాయండి. అవి ఎక్కువకాలం వాడితే కిడ్నీ దెబ్బతింటుంది. వాటిని వాడేవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్ పరీక్ష అడిగి చేయించుకోండి.

బయటికి వచ్చేముందు చీటీ చూసుకోండి:

- పేరు, కార్డు నంబరు సరిగా ఉన్నాయా?
- ప్రతి మందుకూ ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అన్నది ఉందా?
- మళ్లీ ఎప్పుడు రావాలో రాశారా?
- కొన్ని మందులు లేకపోతే, "లేదు" అని పాలీక్లినిక్ వాళ్లు చీటీ మీద రాసి ముద్ర వేశారా?

చివరిది చాలా ముఖ్యం. స్టాకులో లేని మందును పాలీక్లినిక్ స్థానికంగా తెప్పించి ఇవ్వవచ్చు, లేదా మిమ్మల్ని బయట కొనుక్కోమని తర్వాత డబ్బు ఇవ్వవచ్చు. ఆ ముద్ర లేకుండా మీరే కొనేసి బిల్లు పట్టుకెళితే డబ్బు రాదు. ఎన్ని రోజులకు కొనవచ్చో కూడా అక్కడే అడిగి రాయించుకోండి.

మందుల దగ్గర జరిగే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. ఈ నెల ఇచ్చిన అట్ట రంగు వేరు, కంపెనీ వేరు. పాతవి ఇంకా పది మిగిలి ఉంటాయి. రెండూ వేరే మందులనుకుని రెండూ వేసుకుంటారు. బీపీ పడిపోయి బాత్రూంలో కింద పడతారు. అట్ట మీద కంపెనీ పేరు కాకుండా దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చూడండి. రెండిటి మీదా టెల్మిసార్టాన్ 40 అని ఉంటే అది ఒకటే మందు. అక్షరాలు కనపడకపోతే మందులిచ్చే కౌంటర్లోనే "ఇది పాతదేనా, కొత్తదా?" అని అడిగి అట్టమీద పెన్నుతో తెలుగులో "బీపీ, ఉదయం" అని రాయించుకోండి.

మంచం మీదున్నవాళ్ల కోసం ప్రతి నెలా వాళ్లను కారులో ఎక్కించుకుని రానక్కర్లేదు. పాత మందులే కొనసాగుతుంటే ఇంట్లోవాళ్లు కార్డు, పాత చీటీ, సంతకం చేసిన అధికార పత్రం తీసుకుని వచ్చి తీసుకెళ్లే వీలు గురించి ఓఐసీని (పాలీక్లినిక్ ఇన్‌ఛార్జి ఆఫీసరును) ముందే అడగండి.

7. రిఫరల్ తీసుకునేటప్పుడు

పెద్ద డాక్టరుకు చూపించాలంటే పాలీక్లినిక్ డాక్టరు రిఫరల్ ఇస్తారు. ఎంప్యానెల్ అయిన ఆసుపత్రుల్లో ఎక్కడికి వెళ్లాలన్నది మీ ఇష్టం. అందుకే ఇంటి దగ్గరే ఆలోచించుకుని రండి. జాబితా పాలీక్లినిక్ గోడ మీద ఉంటుంది, ఈసీహెచ్‌ఎస్ వెబ్‌సైటులోనూ ఉంటుంది. ఆసుపత్రి పేరు ఉందా అని చూస్తే చాలదు, మీ జబ్బుకు ఉందా అని చూడాలి. కంటికి మాత్రమే ఎంప్యానెల్ అయిన చోట గుండె చూడరు. ఒప్పందాలు మారుతుంటాయి కాబట్టి, పోయినేడు మీ బావమరిది అక్కడే చూపించుకున్నాడన్నది ఈ ఏడాదికి పనికిరాదు. రిఫరల్ రాయించుకునే ముందే ఆసుపత్రిలోని ఈసీహెచ్‌ఎస్ డెస్క్‌కు ఫోన్ చేయండి.

రిఫరల్ కాగితం చేతికి రాగానే మూడు చూడండి: గడువు తేదీ, ఏ విభాగం, దేనికోసం. "కన్సల్టేషన్" అని మాత్రమే రాసి ఉంటే స్కాన్‌కు మళ్లీ రావాల్సి రావచ్చు. పరీక్షలు కూడా అవసరమనుకుంటే అప్పుడే డాక్టరును అడగండి. పథకం రేట్ల జాబితాలో లేని చికిత్సకు ముందే అనుమతి కావాలి, అది ఆసుపత్రి వాళ్లు పంపిస్తారు.

75 ఏళ్లు దాటినవాళ్లు ఎంప్యానెల్ ఆసుపత్రిలో ఓపీకి రిఫరల్ లేకుండా నేరుగా వెళ్లవచ్చు. ఈ సంగతి తెలియక ఎనభై ఏళ్ల తాతను చీటీ కోసం కందుకూరు నుంచి ఆటోలో, బస్సులో తీసుకొచ్చేవాళ్లున్నారు. అంతకంటే కొంచెం తక్కువ వయసున్నవాళ్లు తమకు వర్తిస్తుందేమో పాలీక్లినిక్‌లో అడగండి, ఈ నిబంధన సడలుతూ వస్తోంది.

వార్డు మీ ర్యాంకును బట్టి ఉంటుంది: హవల్దారు వరకు జనరల్, జేసీఓలకు (నాయబ్ సుబేదారు నుంచి సుబేదార్ మేజర్ వరకు) సెమీ ప్రైవేట్, ఆఫీసర్లకు ప్రైవేట్. పై తరగతి గది కావాలంటే ఖర్చులో తేడా మీరే కట్టుకోవాలి. అంతకుమించి రిఫరల్ మీద జరిగే చికిత్సకు చేతి డబ్బు అడిగితే కట్టేముందు పాలీక్లినిక్‌కి ఫోన్ చేయండి. కట్టక తప్పని పరిస్థితి అయితే రసీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు.

డిశ్చార్జ్ అయ్యాక సమ్మరీ కాపీ తీసుకుని ఆ వారంలోనే పాలీక్లినిక్‌లో చూపించండి. అక్కడి నుంచే నెలనెలా మందులు కొనసాగాలి.

8. ప్రాణం మీదికి వస్తే

రిఫరల్, కార్డు, ఎంప్యానెల్ అన్నీ పక్కన పెట్టండి. దగ్గర్లో చూడగలిగిన ఆసుపత్రికి వెళ్లండి. పక్షవాతం లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు గడ్డను కరిగించే మందు పడితే మనిషి లేచి తిరిగే అవకాశం బాగా పెరుగుతుంది. ఆ లోపు స్కాన్ కూడా అవ్వాలి. పాము కరిస్తే విరుగుడు మందు ఉన్న దగ్గరి సర్కారు ఆసుపత్రికే, నాటు వైద్యం దగ్గర ఆగకుండా.

మనిషిని లోపలికి పంపాక, తోడు వచ్చినవాళ్లు చేయాల్సింది ఇదీ:

ఎంప్యానెల్ ఆసుపత్రి అయితే చేర్చేటప్పుడే కార్డు చూపించి "ఈసీహెచ్‌ఎస్" అని చెప్పండి. సమాచారం ఆన్‌లైన్‌లో పంపించే బాధ్యత వాళ్లది. చికిత్స నగదు లేకుండా జరగాలి. రెండో రోజు "పంపించారా, నంబరు ఎంత?" అని అడిగి రాసుకోండి. అడగకపోతే మరిచిపోతారు.

ఎంప్యానెల్ కాని ఆసుపత్రి అయితే 48 గంటల్లోపు దగ్గరి పాలీక్లినిక్‌కి మీరే సమాచారం ఇవ్వాలి. ఫోన్ చేయడంతో ఊరుకోకుండా వాట్సాప్‌లోనో, ఈమెయిల్లోనో రాతపూర్వకంగా పంపి స్క్రీన్‌షాట్ దాచండి. బిల్లు మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేయాలి. వచ్చేది సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) రేట్ల ప్రకారమే, కట్టినదంతా తిరిగి రాదు. అందుకని ప్రాణాపాయం తప్పాక, డాక్టరు సరేనంటే ఎంప్యానెల్ ఆసుపత్రికి మార్చడం గురించి ఆలోచించండి.

డిశ్చార్జ్ రోజు ఇవి లేకుండా ఆసుపత్రి గేటు దాటకండి: ఒరిజినల్ బిల్లులు విడివిడి లెక్కలతో, చెల్లింపు రసీదులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఎమర్జెన్సీలో చేర్చారని ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్, పరీక్షల రిపోర్టులు, స్టెంటో, మరో పరికరమో వేస్తే దాని స్టిక్కర్. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఒక్కటి లేక ఆగిపోయిన క్లెయిములు ఎన్నో. అన్నీ జిరాక్స్ తీసి ఒక సెట్ మీ దగ్గర ఉంచుకుని, ఒరిజినల్స్ మీ కార్డు నమోదైన మాతృ పాలీక్లినిక్‌లో వెంటనే ఇవ్వండి. నెలలు గడిచాక ఇస్తే ఆలస్యానికి సంజాయిషీ రాయాలి.

ఎలా సరిచూసుకోవాలి: కాగితాలు ఇచ్చినప్పుడు క్లెయిమ్ ఐడీ అడగండి. ఆ నంబరు ఉంటే ఎక్కడ ఆగిందో చెప్పించుకోవచ్చు. ఐడీ రాలేదంటే మీ ఫైలు ఇంకా టేబుల్ మీదే ఉందన్నమాట. "మరిన్ని కాగితాలు కావాలి" అని వెనక్కి వస్తే గడువులోపు ఇవ్వండి.

9. భర్త పోయిన ఇళ్లలో

ఈ పని మీ ఊరి పెద్దలు, పిల్లలు పట్టించుకోవాలి. సభ్యుడు చనిపోతే ఆయన కార్డు ఆగిపోతుంది కానీ, ఫ్యామిలీ పెన్షన్ వచ్చే భార్యకు సభ్యత్వం కొనసాగుతుంది. మళ్లీ చందా కట్టక్కర్లేదు. ఆమె పేరుతో ప్రధాన సభ్యురాలిగా కొత్త కార్డుకు అప్లై చేయాలి. మరణ ధృవపత్రం, ఫ్యామిలీ పెన్షన్ పీపీఓ కావాలి. "ఆయనతోనే అయిపోయింది" అనుకుని కార్డులు బీరువాలో పెట్టేసి ప్రైవేటు డాక్టరుకు డబ్బు కడుతున్న అమ్మలు ఉన్నారు. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నింపే రోజే ఈ అప్లికేషన్ కూడా పెట్టించండి.

పింఛను లేకుండా వచ్చినవాళ్లకు

మధ్యలో డిశ్చార్జ్ అయి పింఛను రానివాళ్లలో ఎక్కువమందికి ఈసీహెచ్‌ఎస్ వర్తించదు. రోజువారీ వైద్యానికి పీహెచ్‌సీ, ఏరియా ఆసుపత్రి. పెద్ద చికిత్సకు అర్హత ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ. హవల్దారు, అంతకంటే కింది ర్యాంకులో పింఛను లేనివాళ్లకు వైద్య ఖర్చుల కోసం కేంద్రీయ సైనిక్ బోర్డు సాయం ఉంది. ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం పరిశీలించి పంపుతుంది.

70 నిండినవాళ్లకు 2024 అక్టోబరు 29న మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు గురించి అందరూ అడుగుతున్నారు. ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స దానిలో ఉంది. పింఛను లేనివాళ్లు తీసుకోండి. ఈసీహెచ్‌ఎస్ ఉన్నవాళ్లు మాత్రం ఆగండి, రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. ఈసీహెచ్‌ఎస్‌లో ఓపీ, నెలనెలా మందులు ఉంటాయి, ఆయుష్మాన్‌లో ఉన్నది ప్రధానంగా ఆసుపత్రిలో చేరే వైద్యం. ఊళ్లో క్యాంపు పెట్టి వేలిముద్ర అడిగితే "మాకు ఈసీహెచ్‌ఎస్ ఉంది" అని ముందే చెప్పండి.

పని జరగకపోతే

కౌంటర్లో గొడవపడితే టెన్షన్ మీకే పెరుగుతుంది, బీపీ చూపించుకోవడానికి వచ్చింది ఎందుకు? నేరుగా ఓఐసీని కలవండి. ఆయనా రిటైరైన ఆఫీసరే అయి ఉంటారు, విషయం సూటిగా చెబితే వింటారు. అక్కడా కాకపోతే తేదీ, టోకెన్ నంబరు, ఏం అడిగారు, ఏం చెప్పారు అన్నవి అర పేజీలో రాసి ఈసీహెచ్ఎస్ రీజినల్ సెంటర్‌కు పంపండి. తర్వాతి మెట్టు కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్. అందులో రక్షణ శాఖ కింద మాజీ సైనికుల సంక్షేమ విభాగాన్ని ఎంచుకోండి. వేరే శాఖకు పెడితే బదిలీలతోనే వారాలు గడుస్తాయి. రిజిస్ట్రేషన్ నంబరు ఫోల్డర్ మొదటి పేజీ మీద రాసుకోండి.